తలుపుకు లోపలి వైపు

మౌలాలికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. ఇళ్ళకు రంగులు వేయడంలో కడప చుట్టుపక్కల అతనిది అందెవేసిన చెయ్యి. ముదురు రంగులంటే జంకేవాళ్ళకు నచ్చజెప్పి, పడకగదులకు బాగా మాగిన నేరేడుపండు రంగు వేసి శభాష్ అనిపించుకున్నవాడు. ఇప్పుడు ఆ రంగే అతని గుండెల్లో రాయి పడేసింది.

కారణం, గురువు కరీంసా స్వామి ఇంట్లోని వెనక గది. అందులో నలభై రోజులు ఒంటరిగా ధ్యానంలో కూర్చుంటానని మౌలాలి రెండేళ్ళు బతిమాలాడు. స్వామి సరేనన్నాడు. అయితే ఆ ఇంటికో పద్ధతి ఉంది. కూర్చోబోయేవాడే గదికి రంగు వేసుకోవాలి. అదీ నేరేడు రంగే.

ఒక్క మంచం పట్టేంత గది. కిటికీ లేదు, పైన జానెడు కన్నం. మొదటి పూతకే గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది. రెండో పూతకు ఊపిరి అందలేదు. ముదురు గది ఒళ్ళో పడుకున్నట్టుంటుందని ఊరందరికీ చెప్పిన పెద్దమనిషి, కుంచెకు పొడుగు కర్ర కట్టి, గడప దగ్గరే నిలబడి పని కానిచ్చాడు.

స్వామి వచ్చి నాలుగు గోడలూ చూశాడు.

"బాగుంది నాయనా. మరి తలుపు?"

"వేసినాను స్వామీ, బయట."

"లోపల?"

ఆ తలుపు తెరిస్తే లోపలి గోడకు ఆనుకుపోతుంది. లోపలి వైపు రంగు వెయ్యాలంటే మూసుకోవాల్సిందే.

"నా వల్ల కాదు స్వామీ. తలుపు మూస్తే చచ్చిపోతానేమో అనిపిస్తాది. నన్ను ఇంటికి పంపించేయండి."

స్వామి మందలించలేదు. రంగు డబ్బా ఎత్తుకుని లోపలికి పోయాడు. డెబ్భై ఏళ్ళ గురువు డబ్బా మోస్తుంటే చూస్తూ నిలబడలేక మౌలాలి వెనకే వెళ్ళాడు. స్వామి తలుపు మూసి, గడియ పెట్టి, కుంచె అతని చేతికిచ్చాడు.

మౌలాలి వేశాడు. గడియ మీదా రంగు పడింది, పాదాల మీదా పడింది. ఇరవై ఏళ్ళలో అంత అధ్వాన్నంగా అతను ఎన్నడూ రంగు వెయ్యలేదు.

"గడియ ఆరేదాకా ముట్టుకోవద్దు," అని స్వామి నేల మీద చతికిలబడ్డాడు.

మౌలాలీ కూర్చున్నాడు. బయట మబ్బు పట్టినట్టుంది, కన్నంలోంచి వచ్చే ఆ కాస్త వెలుతురూ పోయింది. గోడ ఎక్కడుందో, తానెక్కడున్నాడో తెలియలేదు. ఆఖరికి అడిగాడు.

"మీకు భయం కాదా స్వామీ?"

స్వామి చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆ అరచెయ్యి చెమటతో చల్లగా తడిసిపోయి ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి.

"నలభై ఏళ్ళుగా ఈ గదిలో కూర్చుంటాండా. ప్రతిసారీ ఇట్లే అయితాది," అన్నాడు స్వామి. "అందుకే నేను కూర్చునేటప్పుడు ఈ తలుపు ఇంకొకరిని మూయనియ్యను. నేనే మూసుకుంటా."