పాట వింటే నిలవని కాళ్ళు

ముందు ఆ ఏటి చలి సంగతి చెప్పాలి. చెరువులో నీళ్ళు తాగాలంటే నమలాల్సి వచ్చేది. మంచు ఎంత దట్టంగా కమ్మిందంటే, కొమ్మ కనపడక కాకులు మంచు మీదే వాలి రెక్కలు దులుపుకునేవి. అంత చలిలోనూ అనకాపల్లి పక్క చెరకు తోటల మధ్య ఒక్క చోటు మాత్రం కన్నతల్లి ఒడిలా వెచ్చగా ఉండేది. అది బెల్లం వండే పొయ్యి. సీజనంతా మండీ మండీ, మంట ఆర్పేసిన వారానికి కూడా దాని మీద అట్టు పోసుకోవచ్చు.

పొయ్యి పక్కన చెరకు గానుగ. గానుగకి ఎద్దు పైడయ్య.

పైడయ్యంటే మామూలు ఎద్దనుకునేరు! గానుగ చుట్టూ అతను నడిచిన నడకంతా సాగదీసి దారిగా పరిస్తే, కాశీకి వెళ్ళి, గంగలో మునిగి, తిరిగొచ్చి, అక్కడ మర్చిపోయిన చెంబు కోసం మళ్ళీ వెళ్ళిరావచ్చు. అంత నడిచినవాడు పక్క ఊరి పొలిమేర కూడా చూడలేదు. అదీ గానుగ బతుకు.

అతన్ని తోలడానికి కర్ర అక్కర్లేదు. చెరకు గడలు గానుగలో పెట్టే మనిషి కూర్చుని పాట ఎత్తుకునేవాడు. పాట సాగినంతసేపూ ఎద్దు నడవాలి, పాట ఆగితే ఎద్దు ఆగాలి. మెడ మీద మొదటిసారి కాడి పడ్డ రోజు నుంచీ అదే చదువు. ఆ చదువు బుర్రలోకి పోలేదు, తిన్నగా కాళ్ళలోకి దిగిపోయింది.

అలాంటిది, నట్టనడి చలికాలంలో గానుగ రైతు ఇల్లంతా అత్తవారి ఊళ్ళో అమ్మవారి తీర్థానికని బస్సెక్కింది. పోతూ పోతూ పైడయ్య మెడ మీంచి కాడి దించి, ముందు గడ్డిమేటు వదిలేసి, "నాలుగు రోజులు హాయిగా తొంగోరా," అని వీపు తట్టి మరీ పోయారు.

సెలవులు! కబురు అందడమే తడవుగా స్నేహితులు దిగిపోయారు. మెడలో గంటతో మేక అప్పయ్యమ్మ వచ్చింది. బోర్లించిన బెల్లం పెనం మీద గిట్టలతో దరువేసే గాడిద సోములు వచ్చాడు. ఊళ్ళో ఎవరి గొంతైనా అచ్చుగుద్దినట్టు దించేసే గోరింక గున్నమ్మ వచ్చింది. పిలవకపోయినా వెచ్చదనం వాసన పట్టుకుని నక్క నూకరాజు వచ్చాడు. సెలవుల్లో ఎవరూ ఎవరినీ తినకూడదని అక్కడి ఒప్పందం. నూకరాజు చెవి గోక్కుంటూ ఒప్పుకున్నాడు.

"ఏటత్తా, అలా సూస్తావు? సెలవుల్లో నేనూ మీలాగే ఆకులు తినేవోణ్ణే," అన్నాడు మేకతో.

"నీ నోట అత్తా అన్న మాట ఇంటే, నా ఒంటికి ఉప్పూకారం రాసినట్టుంటాదిరా," అంది అప్పయ్యమ్మ. "అక్కడ కూకో. పొయ్యికి అవతల పక్క."

అందరూ పొయ్యి చుట్టూ చేరి నడుములు వెచ్చబెట్టుకున్నాక సోములు అడిగాడు. "పైడన్నా, సెలవు నీది. ఏటి సేద్దాం సెప్పు."

పైడయ్య నెమరు ఆపాడు. "నవ్వకండర్రా. నాకు కూకుని ఓ పాట ఇనాలనుంది. మొదట్నుంచి సివరి దాకా. ఇన్నేళ్ళలో ఎన్ని పాటలు నా సెవిలో పడ్డాయో! కూకుని ఇన్నది ఒక్కటీ నేదు."

ఎవరూ నవ్వలేదు. అప్పయ్యమ్మ గంట గణగణలాడేలా లేచి నిలబడింది.

"ఓస్, అంతేనా అన్నయ్యా! కూకో. కాళ్ళు ముడుసుకో. సోములూ, దరువెయ్యి. గున్నమ్మా, ఎత్తుకో!"

గున్నమ్మ ఎత్తుకుంది. ఆ గొంతుకి తోటలో చెరకు గడలు ఒక్కో కణుపు అదనంగా పెరిగాయి. పైడయ్య కళ్ళు మూసుకున్నాడు. మొదటి చరణం ఇంకా మొదలవలేదు, అతని వెనకకాళ్ళు లేచాయి. వెనకకాళ్ళు లేచాయి. పైడయ్య కూర్చునే ఉన్నాననుకుంటున్నాడు, కాళ్ళు మాత్రం పొయ్యి చుట్టూ ప్రదక్షిణం మొదలెట్టాయి. గడ్డిమేటు చెదిరింది. పెనం ఎగిరింది. సోములు పెనంతో పాటు ఎగిరాడు.

"ఆపండర్రా!" అని పైడయ్యే అరిచాడు. పాట ఆగింది. కాళ్ళూ ఆగాయి.

మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి అప్పయ్యమ్మ అతని కాళ్ళ మీద కూర్చుంది. పాట మొదలవగానే మేకతో సహా లేచి నడిచాడు. ఈసారి సోములు అడ్డంగా వీపు మీద పడుకున్నాడు. గాడిదతో సహా లేచి నడిచాడు. చెవుల్లో గడ్డి కుక్కి చూశారు. కాళ్ళు నిలిచాయిగానీ పాట వినపడలేదు.

పైడయ్య తల దించుకున్నాడు. "ఎల్లండర్రా. ఆ తోట అవతలకి పోయి పాడుకోండి. నా మూలాన మీ సెలవు పాడవుతంది."

"నువ్వు నేని పాటెందుకు, నిప్పుల్లో ఎయ్యనా?" అని కసిరింది అప్పయ్యమ్మ.

అప్పటిదాకా తోక మీద గడ్డం ఆనించుకుని చూస్తున్న నూకరాజు గొంతు సవరించుకున్నాడు. అతని కళ్ళు పైడయ్య మీద లేవు. గానుగ పక్కన రైతు వదిలేసి పోయిన చెరకు గుట్ట మీద ఉన్నాయి.

"పాట ఇనపడగానే లేసిపోడమేటి మావా! ఒంటి మీద అదుపుండక్కర్లేదా? నన్ను సూడు. నా ఒళ్ళు నా మాట ఇంటాది. కూకోమంటే కూకుంటాది, నోరు మూసుకోమంటే మూసుకుంటాది."

"నీకేం అల్లుడా, అదృష్టవంతుడివి. నాకేదైనా మందుంటే సెప్పు."

"ఉంది మావా. నీ కాళ్ళు కాడి కోసం ఎతుక్కుంటన్నాయి, అదీ జబ్బు. ఓపాలి కాడి మెడ మీద ఎత్తుకుని, పాటలన్నీ కాళ్ళ సేత నడిపించెయ్యి. కడుపు నిండిన పిల్లల్లాగ అవే తొంగుంటాయి. అప్పుడు నువ్వు దర్జాగా కూకుని ఇనొచ్చు."

"మరి ఆ సెరకెందుకురా?" అని నిలదీసింది అప్పయ్యమ్మ. నూకరాజు అప్పటికే గడలు లాక్కొస్తున్నాడు.

"కాళ్ళంటే పిచ్చివనుకున్నావా అత్తా? ఖాళీ గానుగైతే పసిగట్టేత్తాయి. మందు పనిసెయ్యదు."

ఆశ ఉన్నవాడికి అన్నీ సబబుగానే వినపడతాయి. పైడయ్య తనంతట తనే వెళ్ళి కాడి కింద మెడ పెట్టాడు. స్నేహితులు అతని కోసం ప్రాణం పెట్టి పాడారు. గానుగ తిరిగింది. చెరకు నలిగింది. రసం నురగలు కక్కుకుంటూ కుండలోకి దిగింది. నూకరాజు ఆ కుండలో మూతి పెట్టి, తోక మాత్రం బయట పెట్టి తాళం వేశాడు.

"అదేటిరా, తాగుతన్నావు?"

"వైద్యుడు రసం తప్ప ముట్టకూడదత్తా. కటిక పథ్యం."

ఒక పాట అన్నాడు, అయింది. ఇంకొకటి అన్నాడు, అయింది. పొద్దు వాలింది. మర్నాడు పొద్దుటే మళ్ళీ కట్టించాడు. సెలవు దొరికిన పైడయ్య సీజనులో కూడా తిరగనంత తిరిగాడు. నూకరాజు పొట్ట గుమ్మడికాయంత అయింది, ఆ పైన గుమ్మడిపాదంత అయింది. నిండిన కుండలు వరసగా పెట్టుకున్నాడు, తీర్థానికి పోయినవాళ్ళు తిరిగొచ్చేలోగా తోటలో దాచుకోవాలని.

మధ్యాహ్నం నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు అప్పయ్యమ్మ కాడి కింద పైడయ్య మెడ చూసింది. తోలు లేచి, ఎర్రగా కమిలిపోయి ఉంది.

"అన్నయ్యా, ఆడు నిన్ను ఆడిస్తన్నాడు. ఆ కుండలు సూడు. ఆడి బొజ్జ సూడు."

"తాగనీ చెల్లీ. ఇంకో రెండు పాటలకి తగ్గిపోద్దంటన్నాడు." పైడయ్య గొంతు తగ్గించాడు. "కూకుని ఇంటే ఎలాగుంటాదో ఒక్కసారి తెలియాల. సెలవు అయిపోతే మళ్ళీ నాకెవరు పాడతారు, పని కోసం తప్ప?"

అప్పయ్యమ్మ గానుగ వెనక్కి వచ్చి గున్నమ్మనీ సోములునీ పిలిచింది.

"పాట ఆపేద్దాం. రసం అక్కడే ఆగిపోద్ది," అన్నాడు సోములు.

"ఆపితే పైడన్న ఆశ మనమే తెంపినట్టవదా? వద్దు. ఆ నక్క నోరు కుండలోంచి పైకి రావాల. అదెలాగ?" అంది అప్పయ్యమ్మ.

గున్నమ్మ ముక్కుతో రెక్క సవరించుకుంది. "ఆడి ఒళ్ళు ఆడి మాట ఇంటాదన్నాడు గదా వదినా. ఎంతమట్టుకు ఇంటాదో సూసొత్తానుండు." తుర్రుమని చెరకు తోటలోకి ఎగిరిపోయింది.

పొద్దు కుంకుతోంది. గానుగ దగ్గర సోములు ఒక్కడే ఎలాగో గొంతు చించుకుంటున్నాడు, పైడయ్య కాళ్ళీడ్చుకుంటూ తిరుగుతున్నాడు. నూకరాజు అన్నిట్లోకీ పెద్ద కుండ ఎంచుకుని, కళ్ళు మూసుకుని, తల మెడ దాకా దించాడు.

సరిగ్గా అప్పుడు తోటలోంచి వచ్చింది ఊళ. ఎలాంటి ఊళ! పది నక్కలు ఒకే గొంతుతో ఏడ్చినట్టు సాగి సాగి, పొగమంచుని నిలువునా చీల్చుకుంటూ వచ్చింది.

ఏ నక్కకైనా, పొద్దు వాలే వేళ దూరాన ఇంకో ఊళ చెవిన పడితే గొంతు ఆగదు. అది బుర్రనడిగి వచ్చేది కాదు. నూకరాజు పళ్ళు బిగబట్టాడు. తోక బిగబట్టాడు. లాభం లేకపోయింది. కుండలోంచి తల తటాలున లేచింది, ముక్కులోంచి రెండు ధారలుగా రసం చిమ్మింది, మూతి ఆకాశానికి లేచింది.

"ఊఁఊఁఊఁ..."

సోములు బిత్తరపోయి పాట ఆపాడు. పైడయ్య ఆగాడు. నక్క ఊళ సాగుతూనే ఉంది. పైడయ్య చెవులు రిక్కించాడు. కాళ్ళకేసి చూసుకున్నాడు. కాళ్ళు నిలబడే ఉన్నాయి. పైడయ్యకి బుద్ధి తెలిశాక ఊళ పెడుతూ గానుగ తిప్పిన మనిషి లేడు మరి! ఇది నడవాల్సిన పాటని వాటికి ఎవరూ నేర్పలేదు.

"చెల్లీ," అన్నాడు మెల్లగా. "పాట ఇనపడతంది. కాళ్ళు ఊరుకున్నాయి."

అప్పయ్యమ్మ ఒక్క దూకులో వచ్చి కాడి పగ్గం పళ్ళతో లాగేసింది. పైడయ్య అక్కడే ముందు మోకాళ్ళు వంచి, ఒళ్ళంతా నేలకి దించి, కూర్చున్నాడు.

నూకరాజు ఊపిరి తీసుకుని మళ్ళీ కుండకేసి వంగాడు. తోటలోంచి మళ్ళీ ఊళ. మూతి మళ్ళీ ఆకాశానికి లేచింది.

"బాగా పాడతన్నావు అల్లుడా!"

"పాడడం నేదు మావా, వచ్చేస్తంది!"

"రానీ, రానీ. ఆపకు."

నూకరాజు కుండ దగ్గరికి పోవడం, తోటలోంచి ఊళ రావడం, మూతి లేవడం. ఈలోగా సోములు ఒక కుండ పైడయ్య ముందుకి తోశాడు, ఒకటి అప్పయ్యమ్మకి, ఒకటి తనకి. కుండలన్నీ అడుగంటాక గోరింక తాపీగా ఎగిరొచ్చి పైడయ్య కొమ్ము మీద వాలి, అక్కడి నుంచే సన్నగా ఒక ఊళ వేసింది.

నూకరాజుకి అర్థమైంది. అర్థమైనా ఆగలేకపోయాడు, బదులు ఊళ వేసేశాక గానీ తిట్టలేకపోయాడు.

"నువ్వా!"

"నేనే నూకరాజూ. ఏదీ, నీ ఒంటిని నోరు మూసుకోమని సెప్పు, ఇంటాదేమో."

సోములు నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. నూకరాజు ఖాళీ కుండలు చూశాడు. గొంతు బొంగురుపోయింది, కడుపులో ఉన్నదంతా ముక్కులోంచే పోయింది. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని తోట వైపు తిరిగాడు.

"అల్లుడా," అని పిలిచాడు పైడయ్య. "అలిగి పోమాక. ఇంకొక్కటి పాడు. ఇలాంటి పాట నేనెక్కడా ఇన్నేదు."

నూకరాజు ఎగతాళేమోనని వెనక్కి తిరిగి చూశాడు. పైడయ్య కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. నూకరాజు ఎప్పుడు గొంతెత్తినా ఎవరో ఒకరు రాయి విసరడమే అతనికి తెలుసు. వచ్చి పైడయ్య పక్కన, వెచ్చగా ఉన్న చోట చతికిలబడ్డాడు. ఈసారి తోటలోంచి ఎవరూ పిలవకుండానే ఎత్తుకున్నాడు. సోములు సన్నగా దరువు కలిపాడు, గున్నమ్మ ఊళలోనే పై గొంతు అందుకుంది. అప్పయ్యమ్మ కూడా తనకి వచ్చినంతలో ఒక ఊళ వేసింది. మేక ఊళ ఎలా ఉంటుందో వర్ణించడం ఎవరి తరమూ కాదు.

మూడో పాట చివరికొచ్చేసరికి పైడయ్య గడ్డం నేలకి ఆనింది. గుర్రు మొదలైంది. నూకరాజు గొంతు నొప్పితో పాట దించబోయాడు.

"ఆపావంటే అన్నయ్య లేస్తాడు," అని చెవిలో గుసగుసలాడింది అప్పయ్యమ్మ. "లాగరా అల్లుడా, ఇంకొంచెం లాగు."

నూకరాజు ఏడుపు మొహంతో, చాలా మెత్తగా, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

ఎదుటివాడి అలవాటుని కాడి కింద పెట్టి బతుకుదామనుకునేవాడు, ముందు తన అలవాటు పగ్గం ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి.