రాజుగారి తరఫున ఊఁ కొట్టినవాడు

ఒకానొక రాజ్యంలో ఊఁ కొట్టడం కూడా ఒక ఆస్థాన ఉద్యోగమే.

ఊఁ కొట్టడమంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. కథ చెప్పేవాళ్ళు ఒక్కో మాట చెప్పి ఆగుతుంటారు. వినేవాళ్ళు "ఊఁ" అంటుండాలి. ఆ ఊఁ వినబడితేనే చెప్పేవాళ్ళకి ముందుకు పోబుద్ధవుతుంది. "వింటున్నాను, తర్వాతేమైంది?" అన్నదంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. ఊఁ ఆగిందంటే వినేవాళ్ళు నిద్రపోయారని అర్థం.

ఆ రాజ్యాన్ని ఏలే గండభైరవ రాయలవారికి కథలంటే చెవి కోసుకుంటారని పేరు. ఎక్కడెక్కడి వింత కథలూ, ఎవరూ ఎరగని పాత ముచ్చట్లూ ఆయన కొలువుకి రావలసిందే. కానీ ఊరూ పేరూ లేని వాళ్ళు చెప్పే కథకి సాక్షాత్తూ మహారాజు ఊఁ కొట్టడమేమిటి? పరువు తక్కువ కాదూ? అందుకని ఒక మనిషిని పెట్టుకున్నారు. సింహాసనం పక్కనే చిన్న పీట. ఆ పీట మీద కూర్చుని ప్రభువుల తరఫున ఊఁ కొట్టాలి. అదీ గంభీరంగా కొట్టాలి.

ఆ ఉద్యోగి పేరు బయ్యన. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. ఎన్ని నూనెలు రాసినా మీసం సరిగ్గా మొలవలేదు. రాజుగారి మీసమేమో రెండు చెంపలూ దాటి చెవుల దాకా పోయేది. ఆ మీసం వంక చూసినప్పుడల్లా బయ్యన ఒక నిట్టూర్పు విడిచి, దాన్నే ఊఁ కింద మార్చేసేవాడు.

బయ్యనకి తప్ప ఇంకెవరికీ తెలియని రహస్యం ఒకటుంది. కథ మొదలైన కాసేపటికే రాజుగారు నిద్రపోయేవారు! వెన్ను నిటారుగా, చెయ్యి మీసం మీద, రెప్పలు సగం వాలి ఉండేవి. దూరం నుంచి చూసినవాళ్ళు, ప్రభువులు ఎంత లీనమై వింటున్నారో అనుకునేవారు. బయ్యన ఊఁ ఆయనకి ఉయ్యాల ఊపు లాంటిది. ఉయ్యాల ఆపితే పసిబిడ్డ లేస్తుంది చూశారూ, అలాగే కథ ముగిసి ఊఁ ఆగగానే రాజుగారు కళ్ళు తెరిచి, గొంతు సవరించుకుని, ఒకే మాట అనేవారు.

"ఇది మాకు తెలిసిందే. మా తాతగారు చెప్పేవారు."

సభంతా "ఆహా! ప్రభువులకి తెలియని కథ ఉందా?" అని తలలూపేది.

నిద్ర సంగతి ఎలా ఉన్నా, ఆ కొలువులో ఇంకో నియమం ఉండేది. ప్రభువులకి తెలియని కథ చెబితే బంగారు కంకణం. తెలిసిన కథే చెబితే, చెప్పినవాళ్ళు వెంట తెచ్చుకున్న వాద్యమో మరొకటో రాజుగారి పాలు. ఎవరి తంబుర, ఎవరి డక్కి, ఎవరి జముకు అన్నీ కోట వెనక ఒక కొట్టులో పడి ఉండేవి. కంకణం మాత్రం పెట్టెలోంచి ఒక్కనాడూ బయటికి రాలేదు.

అలాంటి కొలువుకి ఒకరోజు కొమురవ్వ అనే పటం కథల అవ్వ వచ్చింది.

పటమంటే పొడవాటి బట్ట. దాని మీద పైనుంచి కింద దాకా కథంతా బొమ్మలుగా వేసి ఉంటుంది. రెండు గుంజల నడుమ కట్టి, ఒక్కో బొమ్మే విప్పుతూ, పుల్లతో చూపిస్తూ కథ చెబుతారు.

వింత వస్తువు కనబడితే బయ్యన కాలు ఆగదు. కోట గుమ్మం దగ్గర అవ్వ పక్కన చేరాడు.

"ఎంత పాతదవ్వా ఈ పటం?"

"మా అత్తకు వాళ్ళత్త ఇచ్చిందట బిడ్డా. ఇది ముసలిదైతే ఏట్ల కలుపుతం. మనిషి పోతే చేసినట్టే దినం గూడ చేస్తం."

"పటానికి దినమా!" బయ్యన కళ్ళు పెద్దవయ్యాయి. "మరి ఈ కొలువు నియమం నీకు తెలుసా?"

"గుమ్మం లోపటికి వచ్చినంక చెప్పిండ్రు. ఇగ వెనక్కి పోనియ్యరట." అవ్వ పటాన్ని గుండెకు ఆనించుకుంది. "మమ్ముల సాకే మా కుమ్మరోళ్ళు ఏడాదికొకసారి నా నోట ఈ కథ వింటరు. ఇది కొట్టుల పడితే వాళ్ళకేం జెప్పాలె? నాకు బువ్వెవరు పెడతరు?"

బయ్యనకి జాలేసింది. ఈ కథ ఎంత కొత్తదైనా ఒకటే, అటు పక్క వినేవాడుంటే కదా!

"మీ పటం కథకి ఏమైనా కట్టుబాట్లున్నాయా అవ్వా?"

"ఎందుకు లేవు? విప్పినంక కథ ముగిసేదాక చుట్టరాదు. నడుమ ఎవరన్న 'నాకెరుకే' అంటే, మిగతాది ఆయనే చెప్పి ముగించాలె."

బయ్యన కాసేపు తన లేని మీసాన్ని దువ్వుకున్నాడు.

"మంచిదవ్వా. నేను ఊఁ కొట్టినా కొట్టకపోయినా కంగారు పడకు."

అలా అన్నాడే గాని లోపల బెదురుగానే ఉంది. అతనికి ముందు ఆ పీట మీద కూర్చున్నాయన ఒకసారి ఊఁ బదులు ఆవులించాడు. అంతే! ఈనాటికీ ఏనుగుల సాలలో పేడ ఎత్తుతున్నాడు.

కొలువు నిండింది. అవ్వ మొదటి బొమ్మ విప్పింది.

"ఒక ఊళ్ళె ఒక బావి ఉండె."

"ఊఁ."

"అందరి బావుల అసొంటిది గాదది. అండ్లకు తొంగిచూస్తే ఎవరి మొకం వాళ్ళకు కనబడది. పక్కింటోళ్ళ మొకం కనబడుతది."

"ఊఁ!" అన్నాడు బయ్యన. ఇది ఉద్యోగపు ఊఁ కాదు, లోపల్నుంచి తన్నుకొచ్చిన ఊఁ.

కంసాలి తొంగిచూస్తే చాకలి కనబడ్డాడట. పొద్దస్తమానం పోట్లాడుకునే తోడికోడళ్ళు నీళ్ళు చేదబోతే ఒకరికొకరు కనబడి, కడవలు అక్కడే పడేసి పరుగెత్తారట. సభలో వాళ్ళు ముందుకు వంగి వింటున్నారు. రాజుగారి రెప్పలు మాత్రం ఎప్పుడో వాలిపోయాయి.

"ఆ ముచ్చట ఆ దేశపు రాజు చెవిన పడ్డది."

"ఊఁ."

"నా మొకం నాకు కనబడకపోవుడేంది, చూస్తనని కిరీటం పెట్టుకుని వచ్చిండు. బావి మీదికి వంగిండు. వంగి, లోపటికి చూసిండు..."

బయ్యన నోరు మూసుకున్నాడు.

కొలువంతా నిశ్శబ్దం. ఉయ్యాల ఆగింది. రాజుగారు కళ్ళు తెరిచారు, గొంతు సవరించుకున్నారు.

"ఇది మాకు తెలిసిందే. మా తాతగారు చెప్పేవారు."

అవ్వ చేతిలోని పుల్ల బొమ్మ మీదే ఉండిపోయింది. బయ్యన లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, కథ ఇంకా సగంలోనే ఉంది."

రాజుగారు ఒక్క క్షణం తడబడ్డారు. "ఉంటేనేం? తెలిసిన కథ సగంలో తెలియదా?"

"అది మా అదృష్టం! తెలుసన్నవారే మిగతా కథ చెప్పి ముగించాలని వీళ్ళ ఆచారమట. ముగించకుండా పటం చుట్టకూడదట. ఎవరి ఆచారమూ చెడగొట్టని వంశమని తమరే సెలవిస్తుంటారు కదా?"

ఆ మాట రాజుగారు వారానికోసారైనా అంటారు. ఇప్పుడు వెనక్కి ఎలా పోతారు? పటం వంక చూశారు. కిరీటం పెట్టుకున్న మీసాలాయన ఏదో గుండ్రటి దాని మీదికి వంగి ఉన్నాడు.

"ఇతడు... ఇతడు వంటవాడు."

"వంటవాడా ప్రభూ?"

"కాక! గంగాళంలోకి వంగి ఉండటం కనబడ్డం లేదూ? పులుసులో ఉప్పు చాలిందో లేదో చూస్తున్నాడు."

"ఊఁ," అన్నాడు బయ్యన గంభీరంగా.

"మరి తల మీద కిరీటం..." అని నోరు జారాడు సేనాపతి.

"అదేనయ్యా కథ! రాజు స్నానానికి వెళ్ళినప్పుడు తీసి పెట్టుకున్నాడు."

"ఊఁ."

అవ్వ తర్వాతి బొమ్మ విప్పింది. ఒక కుమ్మరి, అతని భార్య, నెత్తిన కుండలతో కోట వైపు నడిచి వస్తున్నారు.

"అదిగో! పులుసు పోసుకుపోవడానికి కుండలు తెచ్చారు," అన్నారు రాజుగారు. ఆయనకి హుషారు వచ్చేసింది.

"ఊఁ."

ఆఖరి బొమ్మలో కోట గోడ పక్కన చిన్న గుడిసె, మళ్ళీ అదే గుండ్రటిది, మళ్ళీ అదే మీసాలాయన. ఈసారి నవ్వుతున్నాడు.

"మళ్ళీ రుచి చూశాడు. ఉప్పు సరిపోయింది. కథ కంచికి!"

సభలో ఒక మూల ఎవరో ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నారు. రాజుగారికి ఎక్కడో తేడా కొట్టింది.

"ఏమవ్వా, ఇదే కదూ నీ కథ?"

"నేనెరిగిన కథల పులుసు లేదు దొరా," అంది అవ్వ నెమ్మదిగా.

రాజుగారి ముఖం జేవురించింది. "బయ్యనా! మధ్యలో ఊఁ ఎందుకు ఆపావు?"

బయ్యన పీట పక్కకి జరిపి ముందుకొచ్చాడు. "ప్రభూ, నేను కొట్టేది తమరి ఊఁ. తమరు వింటున్నారని దాని అర్థం. తమరి కళ్ళు మూతపడ్డాక ఆ ఊఁ అబద్ధమవుతుంది. ఇవాళ ఒక్కసారికి నిజం చెబుదామని నోరు మూసుకున్నాను."

బయ్యన అక్కడితో ఆగలేదు.

"ఇంకో సంగతి ప్రభూ. కిరీటం పెట్టుకున్న వంటవాడి కథ ఈ లోకంలో ఎవరూ విని ఉండరు. కొత్త కథ చెప్పినవారికి కంకణమని శాసనం. పెట్టె తెప్పించమంటారా, తమరి చేతికి తొడుగుతాను?"

మీసం కొసలు ముందు కదిలాయి. తర్వాత భుజాలు కదిలాయి. రాజుగారు నవ్వాపుకోలేక సింహాసనం చెయ్యి పట్టుకున్నారు. దాంతో సభంతా నవ్వింది.

నవ్వు తగ్గాక ఆయన పటం వైపే చూస్తూ, "సరే, ఆ గుండ్రటిదేమిటి?" అన్నారు.

"బావి దొరా."

"అందులో ఆయన చూసిందేమిటి?"

అవ్వ పలకలేదు.

"చెప్పవేం?"

"ఊఁ కొట్టేటోళ్ళు లేరు దొరా."

రాజుగారు బయ్యన వంక చూశారు. బయ్యన పైకప్పు వంక చూశాడు. అప్పుడు మీసం మాటు నుంచి సన్నగా, దగ్గులాగా, "ఊఁ" అని వచ్చింది.

అవ్వ బావి సంగతంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొచ్చింది. రాజుగారి ఊఁ ఒక్కో మాటకీ బలపడింది. తోడికోడళ్ళ దగ్గర గట్టిగానే పలికింది.

"రాజు వంగి చూసిండు. నీళ్ళున్నయి. ఇంత ఆకాశం ఉన్నది. మొకమే లేదు."

"ఎందుకని?" ఊఁ కొట్టడం మరిచిపోయారు రాజుగారు.

"పక్కిల్లు ఉంటేగద దొరా! కోట చుట్టు కందకమాయె. కందకం అవతల తోటాయె. పక్కింటోళ్ళే లేనాయనకు ఎవరు కనబడాలె?"

"ఊఁ," అన్నారు రాజుగారు చాలాసేపటికి.

"ఆయన కోటకు పోయిండు గని ఆ రాత్రి బువ్వ సయించలే. తెల్లారి ఒక కుమ్మరి జంటను పిలిపించి, గోడ పక్కనే గుడిసె ఏయించిండు. మళ్ళ పోయి బావిల చూస్తే, ముక్కుకు మన్నంటుకున్న కుమ్మరి! రాజుకు నవ్వాగలే. ఆ కుమ్మరి పిల్లలే మా కుమ్మరోళ్ళు."

రాజుగారు కిటికీలోంచి కందకం వైపు చూశారు. దాని అవతల తోట. తోటలో ఎవరూ లేరు.

"ఇది మాకు తెలియదు," అన్నారు.

ఆ కొలువులో ఆ మాట వినబడటం అదే మొదలు. కంకణం కొమురవ్వ చేతికెక్కింది. పటం చుట్టుకుని చంకన పెట్టుకుంది. కొట్టు తలుపులు తీసి, తంబురలూ డక్కీలూ ఎవరివి వాళ్ళకి పంపించమని ఆజ్ఞ అయింది.

"ఇక నువ్వు బయ్యనా," అన్నారు రాజుగారు. "నీ ఉద్యోగం పోయింది."

బయ్యన కళ్ళ ముందు ఏనుగుల సాల కదిలింది.

"మా ఊఁ మేమే కొట్టుకుంటాం. నీకు ఆ తోటలో, మా గోడకి ఎదురుగా ఇల్లు కట్టిస్తాం. కందకం మీద దారి వేయిస్తాం. నువ్వు మా పక్కింటివాడివి. రోజూ సాయంత్రం వచ్చి కబుర్లు చెప్పాలి. మేమెప్పుడైనా ఆ బావిలోకి తొంగిచూస్తే, కనీసం నీ మీసం లేని ముఖమైనా కనబడాలి కదా!"

బయ్యన వంగి దండం పెట్టాడు. కానీ వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఇంకేమిటయ్యా?"

"మరి నేను తొంగిచూస్తే తమరి ముఖం కనబడుతుంది కదా ప్రభూ? ఇన్నాళ్ళకి నాకూ మీసం వచ్చిందని సంతోషమే. కాకపోతే బావి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళి చూడాలి. మా ఆవిడ పక్కన ఉందంటే, మొగుడు మారిపోయాడని అక్కడే కూలబడుతుంది!"

రాజుగారి నవ్వు కోట దాటి, కందకం దాటి తోట దాకా వినబడింది. ఆ నవ్వు మధ్యలోనే ఎవరూ అడక్కుండా ఆయన ఇంకోసారి, "ఊఁ... తర్వాత?" అన్నారు.