బుట్టలో పట్టని లెహంగా

తణుకులో హైందవి అనే అమ్మాయి ఉండేది, చదువూ చలాకీతనమూ అన్నీ ఉన్నాయి గానీ, ఒకసారి నోటితో అన్న మాటను మాత్రం చచ్చినా వెనక్కి తీసుకునేది కాదు. ఒకరోజు ఉప్పు వెయ్యకుండా పులుసు చేసి, "వేశాను" అనేసింది. ఇంట్లో అందరూ మొహాలు చిట్లించినా, తాను మాత్రం రెండు గరిటెలు ఎక్కువ పోసుకుని, "ఎంత బాగుందో!" అంటూ లొట్టలు వేసుకుని తింది. అంత మొండిది. మిగతా విషయాల్లో బంగారం లాంటి పిల్ల, ఆ మాట కూడా చెప్పాలి మరి.

హైందవికి పెళ్ళి కుదిరింది. "ముహూర్తానికి నేను పట్టుచీర కట్టను. లెహంగా, దాని మీదికి జాకెట్టు, ఇలా రెండు ముక్కల డ్రెస్సు వేసుకుంటాను" అని ప్రకటించింది. సరే, అమ్మాయి ముచ్చట, కాదనడం ఎందుకని అందరూ ఒప్పుకున్నారు. పిన్ని సుభాషిణిని వెంటబెట్టుకుని హైందవి రాజమండ్రిలో ఒక పెద్ద బట్టల షాపుకి వెళ్ళింది.

అక్కడ ఒక వంకాయరంగు లెహంగా చూసి మనసు పారేసుకుంది. అబ్బో, ఏం లెహంగా అనుకున్నారు! అంచు నుంచి నడుము దాకా జరీ లతలు. లోపల క్యాన్‌క్యాన్ అని ఒక గట్టి వల కుట్టారు. ఆ వల వల్ల లెహంగా గొడుగులా విచ్చుకుని నిలబడింది. జాకెట్టేమో రాళ్ళూ పూసలూ పొదిగి, చేతులు పట్టేసినట్టు బిగుతుగా ఉంది. వాటి మీదికి బరువైన దుపట్టా ఒకటి. హైందవి వేసుకుని వచ్చి అద్దం ముందు గిర్రున తిరిగింది. షాపులో వాళ్ళందరూ తల తిప్పి చూశారు.

"బాగుందే. ఒక్కసారి కింద కూర్చుని చూడు" అంది పిన్ని.

"కూర్చుంటే ఇంత గేరు, ఈ గొడుగులాంటి విప్పు, ఎలా కనిపిస్తుంది పిన్నీ? నిలబడితేనే కదా అందం!"

"పోనీ చేతులు పైకెత్తి చూడవే."

"చేతులెత్తడానికి నేనేమైనా బస్సులో కడ్డీ పట్టుకుని పెళ్ళికి వెళ్తున్నానా? ఇదే తీసుకుంటాను. అంటే అన్నానంతే!"

సుభాషిణి డబ్బు కట్టే చోటికి నడిచింది. ఆ మాట అన్నాక హైందవితో వాదించడం కంటే గోడతో వాదించడం నయమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

పెళ్ళిరోజు రానే వచ్చింది. పగటి ముహూర్తం. కల్యాణ మండపం జనంతో కిటకిటలాడుతోంది. లోపలి గదిలో హైందవి లెహంగా వేసుకుని, నెమలి పురి విప్పినట్టు మధ్యలో నిలబడి ఉంది. ఫోటోగ్రాఫరు వంగి, లేచి, కుర్చీ ఎక్కి మరీ ఫోటోలు తీశాడు.

మన వైపు పెళ్ళికూతుర్ని మేనమామ వెదురుబుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తాడు కదా. హైందవి మేనమామ కొండలరావు ఆ పని కోసం కొవ్వూరు నుంచి కొత్త బుట్ట చేయించి తెచ్చాడు. దానికి స్వయంగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాడు. ఆయనకు పిల్లలు లేరు. ఇంకెవరినీ ఇలా మోసే అవకాశం రాదు. ఈ బుట్ట ఎత్తడమే ఆయన చేసే కన్యాదానం అనుకోండి.

"రావే తల్లీ! నిన్ను మోయడానికి రోజూ బియ్యం బస్తా ఎత్తి సాధన చేశాను. మీ అత్తయ్య నన్ను చూసి ఒకటే నవ్వు!" అన్నాడు కండువా నడుముకి బిగిస్తూ.

హైందవి బుట్టలో కాలు పెట్టి కూర్చోబోయింది. లెహంగా కూర్చోలేదు! లోపలి వల ఎగదన్నింది. ముందు వైపు నొక్కితే వెనక వైపు లేచింది. వెనక వైపు అదిమితే ముందు వైపు మొహం మీదికి వచ్చింది. నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపులా పట్టుకుని దించినా బుట్ట పక్కకు ఒరిగిందే తప్ప పిల్ల అందులో పట్టలేదు.

"బుట్టెందుకు, గడ్డి బండి తెప్పించండి!" అంది మేనత్త రాజేశ్వరి. గదంతా గొల్లున నవ్వింది.

ఇంతలో బయటి నుంచి పురోహితుడి కేక వినిపించింది. "అమ్మాయిని తీసుకురండి బాబూ, ముహూర్తం దగ్గర పడుతోంది!"

హైందవి తల్లి కంగారు పడిపోయింది. "పోనీలే అన్నయ్యా, ఈ బుట్ట మానేద్దాం. నడిపించి తీసుకెళ్ళిపోదాం" అంది.

కొండలరావు నడుముకి బిగించిన కండువా మెల్లగా విప్పి భుజాన వేసుకున్నాడు. "అలాగే అమ్మా, ముహూర్తం ముఖ్యం కదా" అని బుట్టను గోడ వారగా జరిపాడు.

హైందవి మావయ్య మొహం చూసింది. "నడిచే వస్తాను" అనడం ఎంత సులువు! తన మాటే నిలుస్తుంది, ఎవరి ముందూ తల వంచక్కర్లేదు. నోటి దాకా వచ్చిన ఆ మాటను ఆమె మింగేసింది.

"పిన్నీ, తప్పు నాదే. నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది" అంది గట్టిగా, అందరికీ వినపడేలా.

గదిలో అందరూ గిరుక్కున ఆమె వైపు తిరిగారు. ఆ నోట ఆ మాట విన్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు మరి!

"ఇప్పుడు కత్తెర కావాలి. మగవాళ్ళు బయటికి వెళ్ళండి. మావయ్యా, నువ్వు గుమ్మం దగ్గరే ఉండు. ఎక్కడికీ పోకు!"

సుభాషిణి ఎత్తిపొడవలేదు. చంగున లేచి కత్తెర తెచ్చింది. హైందవి లెహంగా విప్పి తిరగేసి, నడుము దగ్గర కుట్లు తానే పటపటా కత్తిరించింది. వల ఊడి కుప్పగా పడింది.

"ఓసినీ, ఇందులో నలుగురు దోమతెర వేసుకుని పడుకోవచ్చు!" అంది రాజేశ్వరి.

వల పోయిన లెహంగా మళ్ళీ కట్టుకుంటే పరికిణీలా మెత్తగా జారింది. ఇక జాకెట్టు. చెయ్యి ఎత్తబోతే భుజం దాటి లేవలేదు. హైందవి దాన్నీ తీసి పక్కన పెట్టేసింది. పెళ్ళికూతుర్ని చేసిన రోజు వేసుకున్న ఆవపువ్వు రంగు చేనేత జాకెట్టు పెట్టెలోంచి లాగి వేసుకుంది.

"రంగులు కలవవేమోనే" అంది తల్లి.

"జరీ రెంటికీ ఒకటే కదమ్మా. చూడు" అంది హైందవి. అంతవరకూ రెండు భుజాల మీదా బరువుగా వేలాడిన దుపట్టాను తీసుకుని, ఓణీలా నడుములో దోపి, పైట వేసుకుంది. దాని మీద వడ్డాణం బిగించింది. వంకాయరంగు మీద ఆవపువ్వు పసుపు ధగధగా మెరిసింది. ఇందాక చూసినప్పుడు లెహంగా కనిపించింది, ఇప్పుడు పెళ్ళికూతురు కనిపించింది.

హైందవి బుట్టలో బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చుంది. కొండలరావు, "జై ఆంజనేయా!" అని ఒక్క ఊపున ఎత్తాడు. సన్నాయి అందుకుంది. ఆయన పట్టపుటేనుగులా నడిచాడు, పక్కన పట్టుకోవడానికి వచ్చినవాళ్ళను కసిరి మరీ! బుట్టను తెర ఇవతల దించాక గాని కళ్ళు తుడుచుకోలేదు.

ముహూర్తానికి హైందవి చెయ్యి చక్కగా ఎత్తి పెళ్ళికొడుకు శశిధర్ తల మీద జీలకర్ర బెల్లం పెట్టింది. తాళి కట్టడం అయింది. అసలు వేడుక తలంబ్రాల దగ్గర మొదలైంది. శశిధర్ స్నేహితులు వెనక నుంచి, "ఒరేయ్ శశీ, అంత జరీ వేసుకున్నాక ఆ అమ్మాయి చేతులేం లేస్తాయిరా! నువ్వు కుమ్మెయ్!" అని అరిచారు.

శశిధర్ దోసిలి నింపుకునే లోపలే హైందవి మోకాళ్ళ మీద లేచింది. తన తలంబ్రాల పళ్ళేన్ని రెండు చేతులా తలకంటే పైకి ఎత్తి, మొత్తం అతని నెత్తి మీద దిమ్మరించింది.

"ఆగండి, ఆగండి!" అన్నాడు శశిధర్, కనురెప్పల మీద బియ్యం దులుపుకుంటూ.

"ఆగను!" అంది హైందవి, అతని పళ్ళెంలోంచి ఇంకో దోసెడు అందుకుంటూ.

మండపమంతా చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా ఈల వేసింది ఎవరనుకున్నారు? పిన్ని సుభాషిణి!

పొరపాటు చేశామని తెలిసిన వెంటనే పంతం విడిచి, నలుగురి ముందూ ఒప్పుకుని దిద్దుకోవాలి; అలా చేసినవాళ్ళ గౌరవం తగ్గదు, పెరుగుతుంది.