వాకిట్లో నిలబడ్డ ఎండ

ఓబులేసుకు రెండు వందల పన్నెండు తత్వాలు నోటికొచ్చు. ఎనిమిదేళ్లుగా హుసేనప్ప స్వామి వెంట ఊరూరా తిరుగుతూ ఒక్కొక్కటే నేర్చుకొని, మనసులో వరసగా పేర్చి పెట్టుకున్నాడు. నలుగురి ముందు మాత్రం ఇంతవరకు ఒక్కటంటే ఒక్కటి పాడిన పాపాన పోలేదు.

ఎప్పుడు పాడమన్నా ఒకటే మాట. ఇంకా కొన్ని మిగిలాయి స్వామీ, అన్నీ వచ్చేశాక నోరు విప్పుతాను, నడిమధ్యలో చరణం మర్చిపోతే తల ఎక్కడ పెట్టుకోవాలి అనేవాడు. స్వామికేమో డెబ్బై దాటాయి. గొంతు ఏటికేడాది అరిగిపోతోంది. తన తర్వాత ఈ పాటలు ఎవరి నోట బతకాలన్నదే ఆయన దిగులు. అడిగి అడిగి చివరికి అడగడం మానేశాడు.

ఇద్దరికీ ఇల్లూ బండీ ఒకటే, ఒక బ్యాటరీ ట్రాలీ ఆటో. వెనక రెండు పరుపులు, ఒక పొయ్యి, తంబూర. పైకప్పు మీద సోలార్ పలకలు. ఎండ కాస్తే బండి కదులుతుంది, మబ్బు పడితే ఉన్న ఊళ్లోనే ఉంటారు. శిష్యుడు కాకముందు ఓబులేసు తాడిపత్రిలో ఆటోలకు వైరింగు చేసేవాడు, ఆ హంగంతా అతని చేతి పనే. బ్యాటరీ అంటే ప్రాణం. మీటరు నూరు నుంచి తొంభై తొమ్మిదికి దిగిందంటే ముఖం మాడిపోయేది. ఉక్కపోస్తోందని స్వామి ఫ్యాను స్విచ్చి మీదికి చెయ్యి చాపితే, రేపటి దారికి కావాలి స్వామీ అంటూ ఆ చేతిలో విసనకర్ర పెట్టేవాడు.

ఒక వేసవిలో ఇద్దరూ గొర్రెల కాపర్ల పల్లె ఒకదానికి చేరారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి అక్కడ రెండు రోజులుగా కరెంటు లేదు. పొద్దెక్కేసరికి బండి చుట్టూ జనం. ఫోన్లు, మందకు కాపలా కాసే టార్చిలైట్లు పట్టుకొచ్చి, కాసేపు ఛార్జింగు పెట్టుకుంటామని బతిమాలారు. ఓబులేసు ససేమిరా అన్నాడు. రేపు నలభై కిలోమీటర్లు పోవాలి, నడిదారిలో బండి ఆగితే మీరొచ్చి తోస్తారా అని అడిగాడు. తోస్తామన్నారు వాళ్లు. ఆ జవాబు అతనికి బొత్తిగా నచ్చలేదు. మీటరు నూరు చూపిస్తోందని ఇంకోసారి చూసుకొని, బట్టలు ఉతుక్కోవడానికి బావికి పోయాడు.

తిరిగొచ్చి చూస్తే ఏముంది! బండిలోంచి వైర్లు బయటికి పాకి ఉన్నాయి. మంచం మీద పాతిక ఫోన్లు. కింద టార్చిలైట్లు, ఎవరిదో మందు కొట్టే మిషను. పక్క గుడిసెలో బాలింతకు ఫ్యాను తిరుగుతోంది. సుంకులమ్మ అనే ముసలావిడ ఇంట్లోంచి మిక్సీ మోసుకొచ్చి చెనక్కాయల చట్నీ తిప్పుతోంది. ఆ చట్నీలో జొన్నరొట్టె అద్దుకుంటూ స్వామి అందరి మధ్యా కూర్చున్నాడు. పెళ్లివారి విడిదిలో కూడా అంత సందడి ఉండదు.

ఓబులేసు మీటరు దగ్గరికి పరిగెత్తాడు. తొంభై ఒకటి.

“నిండుగా ఉండేదాన్ని ఇట్ల చేసినారే స్వామీ,” అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

స్వామి తాపీగా నమిలి మింగాడు. “దాని పక్కనుండే మీటరు ఏమంటాందో చూడు,” అన్నాడు.

ఎండ నుంచి ఎంత కరెంటు వస్తోందో చూపించే మీటరది. బ్యాటరీ నిండితే పలకల నుంచి వచ్చేది ఆగిపోతుంది, ముల్లు సున్నా మీద పడుకుంటుంది. ఆ ఏర్పాటు చేసింది ఓబులేసే. పొద్దున బావికి పోయేటప్పుడు కూడా ముల్లు సున్నా మీదే ఉంది, అతను దాన్ని చూసి చూడనట్టు పోయాడు. ఇప్పుడది చివరి గీత దగ్గర వణుకుతోంది.

“పొద్దుట్నుంచీ సూర్యుడు మన వాకిట్లోనే నిలబడుకోని ఉండాడబ్బీ,” అన్నాడు స్వామి. “ఇప్పుడు లోపలికి రమ్మన్నా.”

అనేసి మళ్లీ చట్నీలో పడ్డాడు. ఉప్పు కాస్త తగ్గిందని సుంకులమ్మతో చెప్పాడు.

ఓబులేసు ఆ ముల్లు వంకే చూస్తూ నిలబడిపోయాడు. భుజం మీది తడిబట్టల నీళ్లు కారి వీపంతా తడుస్తున్నా తెలియలేదు.

ఫోన్లు నిండేదాకా ఊరికే కూర్చోవడమెందుకు, ఒక తత్వం పాడకూడదా స్వామీ అని ఎవరో అడిగారు. నోట్లో రొట్టె ఉందని స్వామి వేలితో చూపించాడు.

ఓబులేసు బట్టలు పక్కన పడేసి, బండెక్కి తంబూర దింపాడు. పల్లవికి గొంతు పీలగా వచ్చింది. మొదటి చరణానికి సర్దుకుంది. రెండో చరణానికి జనం చేతులతో తాళం అందుకున్నారు. అతనికి ఒళ్లు పులకరించింది, ఇంత హాయిగా ఉంటుందని ఎనిమిదేళ్లలో అనుకోలేదు. మూడో చరణం దగ్గరికొచ్చేసరికి ఇన్నాళ్లూ దేనికి భయపడ్డాడో అదే జరిగింది. మాట గుర్తు రాలేదు. తంబూర మోగుతోంది, నోరు ఊరికే తెరుచుకొని ఉంది.

మిక్సీ గిన్నె ఒళ్లో పెట్టుకొని సుంకులమ్మ అందుకుంది. అతను మర్చిపోయిన చరణం కాదది, అదే వరసలో ఇంకొకటి. తప్పిపోయిన గొర్రెపిల్లను కొండల్లో పిలిచే కాపరి, తన పిలుపే తిరిగొచ్చి తనను పిలిస్తే ఆగి వినే చరణం. వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుందట. అతని రెండు వందల పన్నెండింటిలో అది ఎక్కడా లేదు. స్వామి కూడా నమలడం ఆపి విన్నాడు.

ఆమె పాడటం అయ్యేసరికి ఓబులేసు ముఖం చేటంతయింది. తంబూర ఎత్తుకొని పోయి, మిక్సీ పక్కన నేల మీద, ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

“అవ్వా,” అన్నాడు, “ఆ చరణం ఇంకొకసారి చెప్పవ్వా.”