నక్క పంపిన ముంగిస

వీరాస్వామి దొడ్డిలో చుక్కలపెట్ట, దాని పదకొండు పిల్లలు, కాపలాకి కర్రోడనే కుక్క. వెనక జొన్నచేలో జంబన్న అనే నక్క. ఈ రెంటి మధ్యా తిరిగేది ఒక ముంగిస.

"పాముల్ని పడతానని దొడ్డిలో చేరు. కుక్క లేని పూట చూసి కబురు చెప్పు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడురా!" అని పంపింది జంబన్నే. దొరికిన పిల్లల్లో రెండు ముంగిసవని ఒప్పందం.

ముంగిస రోజూ చేలోకి వెళ్లేది. "కుక్కెక్కడ? పిల్లల్ని మూసే గంప మీద రాయి పెడుతున్నారా?" జంబన్నకి ఇవే ప్రశ్నలు. దొడ్డికి తిరిగొస్తే పెట్ట ఒకటే అడిగేది.

"తిన్నావా తమ్ముడూ?"

ఎంత పిచ్చిదిరా ఇది, అని మొదట్లో నవ్వుకుంది ముంగిస. వారం తిరిగేసరికి ఆ ఒక్క మాట కోసమే పరుగున ఇల్లు చేరుతోంది.

నెల గడిచింది. జంబన్న పళ్లు కొరికింది. "రేపు మధ్యాహ్నానికి పిల్లలు నా నోట్లో పడకపోతే, నువ్వెవరివో పెట్టకి నేనే చెప్తా!"

ముంగిస దొడ్డికి పరుగెత్తింది. రొప్పుతూ వచ్చి పెట్ట ముందు నిలబడింది. "అక్కా, నేను నక్క వేగుని. నీ పిల్లల్లో రెండు నాకు కూలి."

పెట్ట చప్పున పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంది. కర్రోడు గుర్రుమంది. "కొరికెయ్యనా?"

"ఆగరా! దాచుకోవాల్సిన మాట దాచుకోలేదుగా వీడు." పెట్ట ముంగిస వైపు తిరిగింది. "ఇప్పుడేం చేద్దామో నువ్వే చెప్పు, తమ్ముడూ."

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చింది. ముంగిస చేలోకి దూకింది. "రా మావా! ఇంట్లోవాళ్లు మిరపతోటకి పోయారు, కుక్క బండి వెంట పోయింది. పిల్లలు పెద్ద గంప కింద ఉన్నాయి. రాయి లేదు!"

జంబన్న పొట్ట మీద పాకుతూ వచ్చింది. గంప ముందు ఆగి ఇటూ అటూ చూసింది. "ముందు నువ్వెత్తు."

"ఎత్తుతా. ఎత్తినవాడిదే మొదటి ముద్ద, సరేనా?"

"పో అవతలకి!" జంబన్న మూతితో గంపని ఒక్క తోపు తోసింది.

లోపల కర్రోడు!

అబ్బో, ఆ అరుపులు! ఆ దుమ్ము! సగం తోక దొడ్డిలో వదిలేసి చేలో పడింది జంబన్న. "ద్రోహీ! రెండు పిల్లలిస్తానన్నానే! ఆ పెట్ట అంతకంటే ఏమిచ్చిందిరా నీకు?"

ముంగిస నోరు తెరిచేలోగా వెనక నుంచి పిలుపు వినపడింది.

"మధ్యాహ్నం దాటిపోతోంది, తిన్నావా తమ్ముడూ?"

నీతి: వేగుని పంపేవాడు వాడి కళ్లనే కాదు, వాడి కడుపునీ తలుచుకోవాలి.