పోసిబాబు జేబులో పుస్తకం

గవర్రాజు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందుగా చేసే పని చెప్పులు వేసుకోవడం. జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదని ఆయన నమ్మకం. కాకినాడలో ఒక ఇంజనీరింగు కాలేజీ సర్వర్లను ముప్పై ఏళ్లు ఒంటిచేత్తో నడిపి, రిటైరై అమలాపురం వచ్చి స్థిరపడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు జిల్లా అంతటా ఉన్నారు. ఏ చిక్కు వచ్చినా పరుగెత్తుకుంటూ ఆయన దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్లలో చాలామంది జవాబు వినకుండానే తిరిగి వెళతారు, పని మాత్రం అయిపోతుంది. అదెలా అయిందో వాళ్లు కూడా సరిగా చెప్పలేరు.

ఆ శనివారం పొద్దున సువర్చల వచ్చేసరికి మాస్టారు కాఫీ తాగుతున్నారు. సువర్చల ఆయన శిష్యుల్లో చిన్నది. ఊళ్లోనే ఒక కంటి ఆసుపత్రి ట్రస్టులో కంప్యూటర్ల పనంతా చూస్తుంది. పల్లెల్లో శిబిరాలు పెట్టి, వ్యానులో డాక్టర్లను తీసుకెళ్లి కళ్లు పరీక్ష చేయించడం ఆ ట్రస్టు పని. ఆమె సంచిలోంచి నాలుగు కాగితాలు అంటించిన పెద్ద పట్టిక ఒకటి తీసి మాస్టారి ముందు పరిచింది. అందులో ఏడు సాఫ్ట్‌వేర్ల పేర్లు అడ్డంగా, అరవై నాలుగు గుణాలు నిలువుగా, అడుగున వాడుకోబోయేవాళ్ల జాబితా ఉన్నాయి. ఆఫీసు ఉత్తరాలు, క్యాలెండరు, చిరునామాలు అందరూ కలిసి వాడుకోవడానికి పనికొచ్చేవే ఏడూ. ఏడూ ఓపెన్ సోర్సువే, అంటే లోపలి రాత ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరి సర్వర్లో వాళ్లు పెట్టుకోవచ్చు. ఇదివరకు వాడిన కంపెనీ సాఫ్ట్‌వేరు ఒకరోజు ఉన్నట్టుండి మూతపడి రెండేళ్ల ఉత్తరాలు దానితోపాటే పోయాయి కాబట్టి, ఈసారి ఓపెన్ సోర్సు తప్ప మరొకటి వద్దని కమిటీ తీర్మానం చేసింది. ఏది కావాలో సోమవారం కమిటీ ముందు సువర్చల చెప్పాలి. మూడు రాత్రులు నిద్ర మానుకుని మార్కులు వేస్తే, ఏడింటికీ ఇంచుమించు ఒకే మొత్తం వచ్చింది.

ఏది తీసుకోమంటారని అడిగింది. మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టి చెప్పులు వేసుకున్నారు.

దారిలో ఆమె అసలు బాధ బయటపెట్టింది. కంపెనీ సాఫ్ట్‌వేరు పోయాక ఆఫీసు వాళ్లంతా ఒకే మెయిలు చిరునామాను, ఒకే పాస్‌వర్డుతో వాడుకోవడం మొదలుపెట్టారు. ఒకరు చదివిన ఉత్తరం మిగతావాళ్ల కంట పడడం లేదని, చదివాక దాన్ని మళ్లీ చదవనట్టు గుర్తుపెట్టి వదిలేయాలని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎదుటివాళ్ల మీద గౌరవంతో పెట్టుకున్న పద్ధతే అది. దానివల్ల ఆఫీసులో ఉత్తరాలన్నీ ఎప్పుడూ కొత్తగానే ఉండేవి. అందరూ అన్నీ చదివేవారు, జవాబు మరొకరు రాసే ఉంటారని అందరూ అనుకునేవారు. అలా ఏప్రిల్లో కొత్తరేవు లంక నుంచి హెడ్‌మాస్టరు రాసిన ఉత్తరం పదకొండు మంది చదివారు. శిబిరానికి అంతా సిద్ధం చేశామని ఆయన రాశాడు. చెప్పిన రోజున నలభై మంది ముసలివాళ్లు బడి అరుగు మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. వ్యాను వెళ్లలేదు. ఆ పదకొండు మందిలో తనూ ఒకతెనని, చదివి శ్రద్ధగా చదవనట్టు గుర్తుపెట్టానని సువర్చల చెప్పింది. తర్వాత ఆమే స్వయంగా ఆ ఊరికి క్షమాపణ రాసి, వచ్చే గురువారం తప్పకుండా వస్తామని మాటిచ్చింది. ఈసారి కూడా తప్పితే ఆ లంకలో ఎవరూ తమ మాట నమ్మరు. కళ్లు చూపించుకోవాలన్న ఆశే వదులుకుంటారు.

మాస్టారు వింటూనే నడిచారు. ఆసుపత్రి గేటు దాటాక సువర్చల ఆయన్ను సర్వరు గదికి తీసుకెళ్లబోయింది. అక్కడ ఏసీ కూడా ఉంది. ఆయన మాత్రం పోర్టికోలో వ్యాను నిలిపే చోట ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చుని, ఆమె చేతిలోంచి పట్టిక అందుకున్నారు. చదువుతారనుకుని ఆమె పక్కనే నిలబడింది. ఆయన దాన్ని రెండు మడతలు పెట్టి విసురుకోవడం మొదలుపెట్టారు. మూడు రాత్రుల కష్టం అలా విసనకర్ర కావడం సువర్చలకు చిన్నతనంగా అనిపించింది కాని, మంచి ఎండాకాలం, ఆయన పెద్దవాడు, ఏమంటుంది.

గంటసేపు కూర్చున్నారు. వ్యాను పక్కన డ్రైవరు పోసిబాబు అద్దాలు తుడుచుకుంటున్నాడు. లోపలినుంచి ఒక నర్సు వచ్చి, మంగళవారం పెద్ద డాక్టరు ఊళ్లో ఉంటారా అని అతన్ని అడిగింది. పోసిబాబు చొక్కా జేబులోంచి అట్ట ఊడిన చిన్న పుస్తకం తీసి, చెయ్యి బారెడు చాచి పట్టుకుని చూసి, ఉండరని చెప్పాడు. ఆమె వెళ్లగానే మందుల కొట్టు అతను వచ్చాడు. అతని తర్వాత అకౌంటెంటు, తర్వాత మరో నర్సు. ఆఖరికి ట్రస్టు కార్యదర్శి విస్సంరాజు గారే కిటికీలోంచి తల బయటపెట్టి, పదో తారీఖున తాను ఎక్కడికి వెళ్లాలని అతన్నే అడిగారు. అడిగిన ప్రతిసారీ పుస్తకం బయటికి రావడం, బారెడు దూరం వెళ్లడం, మళ్లీ జేబులోకి పోవడం. ఎవరిదగ్గరా విసుక్కోలేదు, ఎవరికీ తప్పు చెప్పలేదు.

మాస్టారు విసురుకోవడం ఆపారు. "నీ పట్టికలో వాడుకునేవాళ్ల జాబితా ఉంటుంది కదా. అందులో ఈయన నంబరెంత?" అని అడిగారు.

జాబితాలో పంతొమ్మిది మంది ఉన్నారు. పోసిబాబు లేడు. అతనికి ఆఫీసులో కుర్చీ లేదు, మెయిలు లేదు, అందుకని రాయలేదని సువర్చల నిజాయితీగానే చెప్పింది. చెబుతుండగానే ఆ మాట ఆమెకే నచ్చలేదు. మాస్టారు మళ్లీ విసురుకోసాగారు.

ఆమె వెళ్లి పోసిబాబు పక్కన, వ్యాను మెట్టు మీద కూర్చుని ఆ పుస్తకం ఒకసారి చూడనిమ్మంది. అతను మొహమాటపడుతూ ఇచ్చాడు. పేజీకో రోజు, గోడ మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. ఆఫీసులో ఎవరు ఎక్కడికి కదలాలన్నా వ్యాను కావాలి, వ్యాను కావాలంటే అతనికి చెప్పాలి, చెప్పిందల్లా అతను రాసుకున్నాడు. ఏ టేబులు మీది క్యాలెండరుకీ తెలియని సంగతులన్నీ అందులో ఉన్నాయి. సువర్చల గురువారం పేజీ తిప్పింది. పైన కొత్తరేవు లంక అని ఉంది, ఏడు గంటలకు పంటు మీద వ్యానును గోదావరి దాటించాలని కూడా ఉంది. కింద అదే రోజు, అదే ఏడు గంటలకు, డాక్టర్లను రాజమండ్రి సభకు తీసుకెళ్లాలని ఉంది.

రెండూ ఒకేరోజు పడ్డాయని ఎందుకు చెప్పలేదని అడిగింది. కోపంగా కాదు, భయంగా అడిగింది.

"ఆయ్, ఎవరూ అడగలేదండి," అన్నాడు పోసిబాబు. "ఎలాగూ ఆఖరి రోజున ఏదో ఒకటి మారుస్తారు కదండీ. ఏది మారుస్తారా అని చూస్తున్నానండి."

సువర్చల మెట్లు రెండేసి చొప్పున ఎక్కి విస్సంరాజు గారి గదికి పరుగెత్తింది. ఆయన తన టేబులు మీది క్యాలెండరు చూపించారు, అందులో గురువారం గడిలో రాజమండ్రి సభ ఒక్కటే గుండ్రంగా చుట్టి ఉంది. ఆమె సంచిలోంచి లాప్‌టాప్ తీసి తన క్యాలెండరు చూపించింది, అక్కడ కొత్తరేవు లంక ఒక్కటే ఉంది. ఇద్దరి లెక్కా సరైనదే, ఇద్దరూ పొరపాటు పడ్డారు. విస్సంరాజు గారు మంచి మనిషి, పైగా ఏప్రిల్లో జరిగింది ఆయన కూడా మరిచిపోలేదు. అప్పటికప్పుడు ఫోను చేసి, సభకు డాక్టర్లు రాలేరని, కావాలంటే తానొక్కడే బస్సులో వస్తానని చెప్పేశారు. ఫోను పెట్టేసి, మరి సోమవారం మాటేమిటి, ఈ కొత్తది కూడా మూడు వారాల్లో మూలపడదని నమ్మకమేమిటని అడిగారు. ఆ మాటే మాస్టారిని అడుగుదామని సువర్చల మెట్లు దిగింది.

కిందికి వచ్చేసరికి మాస్టారు వెళ్లిపోయారు. పట్టిక బల్ల మీద రాయి కింద రెపరెపలాడుతోంది. ఆమె దాన్ని తీసి, వెనకవైపు తెల్లగా ఉన్న చోట పోసిబాబు పేరు మొదటి నంబరుగా రాసింది. ఆ మధ్యాహ్నమంతా వ్యాను మెట్టు మీదే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఏడు సాఫ్ట్‌వేర్లనూ పరీక్షకని ఇదివరకే సర్వర్లో పెట్టుకుంది కనుక, ఒక్కొక్కదానిలో ఒక శిబిరం రాసి అది పోసిబాబు ఫోన్లో ఎలా కనబడుతుందో చూసింది. అతనిది పాత ఫోను. నాలుగు సాఫ్ట్‌వేర్లు తమకు ప్రత్యేకంగా యాప్ ఉండాలన్నాయి, ఆ యాప్‌లను ఫోను లోపలికి రానివ్వలేదు. ఆమె అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసిన రంగురంగులది వచ్చింది కాని, తెరుచుకోవడానికి పోసిబాబు అద్దాలన్నీ తుడిచేసేంత సమయం పట్టింది. మిగిలిన రెండూ ఫోన్లో మొదటినుంచీ ఉన్న క్యాలెండరులోనే చక్కగా వచ్చి కూర్చున్నాయి, అతను కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది. అప్పుడు సువర్చలకు మూతపడిన కంపెనీ గుర్తొచ్చింది. ఒకదానిలో ఉన్నదంతా బయటికి తీసి రెండోదానిలో పోసింది, మళ్లీ అటునుంచి ఇటు పోసింది. ఒకటి తారీఖులు ఇచ్చింది కాని గంటలు దాచుకుంది. రెండోది పుచ్చుకున్నదంతా పుచ్చుకున్నట్టే తిరిగి ఇచ్చింది. పట్టికలో అది ఐదో స్థానంలో ఉంది.

ఇంత జరుగుతుంటే పోసిబాబు ఫోనును ప్రతిసారీ బారెడు దూరం పెట్టి, తల వెనక్కి వంచి చూశాడు. రోడ్డు మీద కిలోమీటరు దూరాన ఉన్న బోర్డు చదువుతాడు కాని దగ్గరి అక్షరాలు చీమల్లా కదులుతాయన్నాడు. చత్వారం వచ్చిందేమో, కళ్లు చూపించుకున్నారా అని సువర్చల అడిగింది. పదకొండేళ్లుగా కంటి డాక్టర్లను ఊరూరా తిప్పుతున్నానని, తన కళ్లకే వీలు కుదరలేదని చెప్పి నవ్వాడు. డాక్టర్లు ఊళ్లో ఉన్నరోజున వ్యాను ఉండదు, వ్యాను ఉన్నరోజున డాక్టర్లు వ్యానులోనే ఉంటారు. అతని నవ్వు చూసి సువర్చల కూడా నవ్వింది కాని, అయిదేళ్లుగా రోజూ కనబడే మనిషిని ఆ సంగతి ఇంతవరకూ అడగలేదే అని మనసులో సిగ్గుపడింది.

సోమవారం కమిటీ ముందు ఆమె పట్టిక తీయలేదు. పోసిబాబును పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, అతని ఫోను టేబులు మీద పెట్టింది. విస్సంరాజు గారిని తన కంప్యూటరులో ఏదైనా శిబిరం గంట వెనక్కి జరపమంది. ఆయన జరిపారు. పోసిబాబు ఫోను మోగింది. అక్షరాలు ఆమె ముందే పెద్దవి చేసి ఉంచింది కాబట్టి అతను చెయ్యి చాచకుండానే పైకి చదివాడు. ఇక లంక ఉత్తరం లాంటిది వస్తే ఎవరి పేరున పడితే వాళ్లే జవాబు రాయాలని, చదివి చదవనట్టు పెట్టే పద్ధతి ఆ రోజుతో సరి అని ఆమె చెప్పింది. కమిటీలో ఎవరూ అరవై నాలుగు గుణాల గురించి అడగలేదు. ఒక్క అకౌంటెంటు మాత్రం, ఇకమీదట కూడా అవసరమైతే పోసిబాబును అడగవచ్చా అని అడిగాడు.

గురువారం ఏడింటికి వ్యాను పంటు ఎక్కింది. సువర్చల కూడా వెళ్లింది. లంక రేవులో హెడ్‌మాస్టరు ఆరింటినుంచీ నిలబడి ఉన్నాడట. అవతలి గట్టు మీద వ్యాను తెల్లగా కనబడగానే బడి పిల్లలు అరుచుకుంటూ ఊళ్లోకి పరుగెత్తారు. బడి అరుగు మీద ఈసారి యాభై మూడు మంది ఉన్నారు. ఒక ముసలమ్మ సువర్చల చెయ్యి పట్టుకుని, మళ్లీ రారనుకున్నామమ్మా అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు, ఉంటేనే బాగుండేదనిపించింది సువర్చలకు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆమెకు ఎన్నాళ్ల తర్వాతో మనసు తేలికపడింది.

ఆ ఆదివారం ఆమె మాస్టారి ఇంటికి వెళ్లింది. యాభై మూడు మందిని చూశారని, వారిలో పంతొమ్మిది మందికి శుక్లాలు తీయాలని, విస్సంరాజు గారు టేబులు మీది క్యాలెండరును చింపి చీటీలు చేసుకున్నారని ఒక్క ఊపిరిలో చెప్పింది. ఏది ఎంచుకుందో మాస్టారు అడుగుతారేమోనని కాసేపు చూసింది. ఆయన అడగలేదు. కంప్యూటరులోని కొత్త క్యాలెండరు తెరిచి అన్నిటికన్నా ముందు ఏం రాశావని అడిగారు.

"పోసిబాబు గారి కంటి పరీక్షండి. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి," అంది సువర్చల. "డాక్టరు గారికీ పంపాను, ఆయనకీ పంపాను. ఆ పూట వ్యాను ఎవరూ అడగకుండా ఆపేశాను. మొన్న అయిపోయింది కూడానండి. ఇప్పుడు జేబులో పుస్తకం లేదు, కళ్లజోడుంది."

మాస్టారు వేసుకోబోయిన చెప్పులు మళ్లీ గోడవారకు నెట్టి, కుర్చీలో వెనక్కి వాలారు.

"అయితే మంచిదే ఎంచుకున్నావు," అన్నారు.