మబ్బుకొండ చూసొచ్చిన నూకరాజు

తెలివి ఎక్కువైన ఇల్లు ఒకటుండేది. ఆ ఇంటి పెద్ద నూకరాజు. భార్య సత్తెమ్మ, తమ్ముడు పోలిరాజు. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు లోకంలో తాము ముగ్గురమే మిగిలామని నూకరాజుకి గర్వం. ఆ మాట ఊళ్ళో ఎవరూ కాదనలేదు.

ఒక్క దాలినాయుడే కాదన్నాడు. ఆయన సత్తెమ్మ తమ్ముడు.

"బావా, మీరు మబ్బుకొండ వనానికెళ్ళినా ఆ శిఖరం చూడకుండానే తిరిగొచ్చేస్తారు. చూసొస్తే మీరు తెలివైనోళ్ళని రచ్చబండ ఎక్కి చెప్తాను" అన్నాడు.

నూకరాజుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. వారం తిరక్కుండా ముగ్గురూ యాత్ర బస్సెక్కారు. సత్తెమ్మ ఇరవైఏడు ఇడ్లీలు డబ్బాలో సర్దింది.

వనం గేటు దగ్గర గైడు జోగారావు అందర్నీ దింపి, "దారి జారుడుగా ఉంటుంది. నేనెలా నడిస్తే మీరూ అలాగే నడవండి" అన్నాడు. చక్కగా చెప్పాడు పాపం. ఎవరికి చెబుతున్నాడో ఆయనకి తెలియదు.

జోగారావు కొమ్మ కింద వంగాడు, ముగ్గురూ వంగారు. జోగారావు గట్టు దాటాడు, ముగ్గురూ దాటారు. మలుపులో జోగారావు కాలు జారి బురదలో చతికిలబడ్డాడు. ఇంకేముంది, ముగ్గురూ వరసగా వెళ్ళి అదే బురదలో చతికిలబడ్డారు. మిగతా యాత్రికులు పక్కనుంచి శుభ్రంగా నడిచి వెళ్ళిపోయారు.

"నేను పడ్డానండీ బాబూ!" అన్నాడు జోగారావు.

"మేమూ పడ్డామండి. మీకొచ్చినంత చప్పుడు మాకు రాలేదు. ఇంకోసారి పడమంటారా?" అన్నాడు నూకరాజు వినయంగా.

జోగారావు నడుం పట్టుకుని లేచాడు. "వద్దు. ఇక నన్ను చూసి ఏమీ చేయొద్దు" అన్నాడు. అంతే, ఆయన కుడికి తిరిగితే వీళ్ళు ఎడమకి తిరిగారు. ఆయన ఆగితే వీళ్ళు పరుగెత్తారు. వాళ్ళని వెతికి పట్టుకొచ్చేసరికి గంట గడిచింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. "తెచ్చినవన్నీ తిరిగి పట్టుకెళ్ళాలి. ఇక్కడ ఒక్కటి కూడా వదలకూడదు" అన్నాడు జోగారావు. కాగితాల, కవర్ల గురించి ఆయన గోల. సత్తెమ్మ చేతిలో ఇడ్లీ అలాగే ఆగిపోయింది.

"ఏటండీ, ఇరవైఏడు తెచ్చాం. తింటే ఎలా పట్టికెళ్తాం?"

"మూత పెట్టీ" అన్నాడు నూకరాజు. కడుపు కాలిపోతోంది. అయినా తెలివైనవాడికి ఆకలొక లెక్కా!

ముగ్గురూ డబ్బా ముందు కాపలా కూర్చుని, పక్కవాళ్ళు పులిహోర తింటుంటే చూశారు. చెట్టు మీది కోతికి ఆ నియమం ఎవరూ చెప్పినట్టు లేదు. దిగింది, మూత తీసింది, నాలుగు ఇడ్లీలు పట్టుకుని పైకెక్కేసింది. పోలిరాజు దాని వెనకే చెట్టెక్కాడు.

"అమ్మా, నీకు దండం పెడతాను. తిన్నవి నీ దగ్గరే ఉంచుకో, తిననివి ఇచ్చీ!" అని బతిమాలాడు.

కోతి ఆయన చొక్కా చింపి పంపింది. ఆయన్ని దింపడానికి జోగారావు, ఇద్దరు యాత్రికులు, ఒక తాడు కావలసి వచ్చాయి.

చివరికి శిఖరం కనిపించే చోటికి చేరేసరికి నాలుగు కావస్తోంది. ఎదురుగా అంతా మబ్బు. దాలినాయుడి నవ్వు అప్పుడే నూకరాజు చెవిలో వినిపించింది.

"పది నిమిషాలు చూద్దాం. ఈలోగా ఫొటో తీస్తాను. కొండకి వీపు పెట్టి నిలబడండి. నా ఫోన్‌ వైపే చూడాలి. చెప్పేదాకా తల తిప్పొద్దు" అన్నాడు జోగారావు.

ముగ్గురూ కర్రల్లా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే మబ్బు విడిపోయింది. జనం కేకలు పెట్టారు, పిల్లలు గంతులేశారు. ఒక పెద్దావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జోగారావు ఫొటో నొక్కాడు కానీ, తనూ నోరు తెరిచి, చెప్పాల్సిన మాట మరిచిపోయాడు.

"ఏటండీ, మన వెనకేదో జరుగుతోంది" అని గొణిగింది సత్తెమ్మ.

"తిప్పొద్దన్నారు" అన్నాడు నూకరాజు. మెడ లాగేస్తోంది. ఒక్కసారి, ఒక్కసారి చూస్తే చాలు. కానీ మాటంటే మాటే.

రెండు నిమిషాల తర్వాత జోగారావుకి తెలివొచ్చింది. "అయ్యో, తిరగండి!" అన్నాడు. తిరిగారు. మళ్ళీ మబ్బే. సత్తెమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది. నూకరాజుకీ ఏడుపొచ్చింది కానీ మగాడు కదా, దగ్గాడు.

బస్సు కిందకి దిగుతుంటే జాలిపడి జోగారావు ఫోన్‌ చూపించాడు. "బాధపడకండి నూకరాజుగారూ. శిఖరం ఎక్కడికీ పోలేదు. ఇదిగో, సరిగ్గా మీ తల వెనకే ఉంది."

నూకరాజు ఫొటో చూశాడు. నిజమే, తల వెనకే ఉంది! గబుక్కున సీట్లో వెనక్కి తిరిగాడు. వెనక సీట్లో ఎవరో పెద్దమనిషి తలమీద తెల్ల తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు.

"ఇంకా మబ్బుగానే ఉందే. కాసేపు చూద్దాం" అన్నాడు నూకరాజు.

ముగ్గురూ సీటు మీద మోకాళ్ళేసుకుని, వెనక్కి తిరిగి, రెప్పవేయకుండా కాచుకున్నారు. బస్సు గోతిలో పడి ఎగిరింది. తువ్వాలు జారింది. సాయంత్రపు ఎండలో బట్టతల ధగధగా మెరిసింది.

ఇంకేముంది! ముగ్గురూ చేతులెత్తి దండం పెట్టారు. నూకరాజు ఆనందం పట్టలేక అప్పటికప్పుడే ఫోన్‌ చేశాడు.

"దాలినాయుడూ, రచ్చబండ ఎక్కేయ్! కళ్ళారా చూసేసినాం. శిఖరం నున్నగా ఉందిరా, చెట్టూ లేదు, చేమా లేదు. రెండు చెవుల దగ్గర మాత్రం కాస్త గడ్డి ఉంది!"